చివరి గడిలో పేరు

2024 నవంబర్ 11, సోమవారం

మెయిల్ వచ్చింది. "మీ సస్పెన్షన్ పూర్తయింది. ఫిబ్రవరిలో అండమాన్ సర్వేకి మీరు రావచ్చు. క్లబ్‌లోకి తిరిగి స్వాగతం." కింద పేరు లోహిత్, సర్వే లీడ్.

నా పేరు మీద బురద చల్లినవాడే నాకు పీట వేస్తున్నాడు. మధ్యాహ్నం క్యాంటీన్‌లో ట్రే పట్టుకుని ఎదురుపడి, "హాయ్ స్టెల్లా, మెయిల్ చూశావా?" అన్నాడు. చూశానన్నాను. నవ్వాను కూడా. వాడు పెరుగన్నంలోకి దానిమ్మ గింజలు వేయించుకుని హాయిగా వెళ్ళి కూర్చున్నాడు.

కాలేజీ వదిలాక డైరీ ముట్టుకోలేదు. ఇప్పుడు రాస్తున్నాను. ఎవరితో చెప్పినా జాలిపడతారు, లేదా "పోనీలే" అంటారు. ఆ మాట విని విని చెవులు వాచిపోయాయి. అందుకని జరిగింది వరసగా రాసి పెట్టుకుంటాను, రేపెప్పుడైనా నా మనసు మెత్తబడితే చదువుకోడానికి.

పోయిన ఫిబ్రవరి. మా కంపెనీ డైవింగ్ క్లబ్ తరఫున పన్నెండు మందిమి అండమాన్ వెళ్ళాం. ఒక పరిశోధనా కేంద్రం వాళ్ళకి గ్రూపర్లు, బాస్లెట్లు అనే చేపల్ని గుర్తుపట్టి లెక్కపెట్టి ఇవ్వాలి. నీళ్ళలోకి ఒంటరిగా దిగకూడదు, ఇద్దరిద్దరు జత. నా జత లోహిత్. ముప్ఫై అడుగుల లోతున ఒక రాతి బొరియలో పెద్ద గ్రూపర్ ఉంది, నా చెయ్యంత పొడవు. అది బయటికి రావట్లేదని స్టీలు పుల్ల లోపల పెట్టి పొడిచాడు. అది బెదిరిపోయి దూసుకొచ్చింది. వచ్చేటప్పుడు పై పెదవి రాతికి కోసుకుని చీలింది.

పడవ ఎక్కాక నాకు వాంతులు. మా క్లబ్ పెద్ద ప్రేమ్ కుమార్ సార్ నేవీలో చేసొచ్చిన మనిషి. ఆయన పెట్టిన పద్ధతి, తడి బట్టలు విప్పకముందే ఫారం నింపాలి. జతలో ఒకరు రాయాలి, రెండోవాళ్ళు సంతకం పెట్టాలి. ఫారంలో చివరి గడి "చేపను కదిపినవారు". ఆరేళ్ళుగా అందరూ ఆ గడిలో రాసేది ఒకటే, "ఎవరూ కాదు". ఆ రోజు చీలిన పెదవిని పక్క జతవాళ్ళు చూశారు, కాబట్టి ఎవరిదో ఒకరి పేరు రాయక తప్పదు. లోహిత్ నా పేరు రాశాడు. పడవ అంచు పట్టుకుని కక్కుకుంటూనే, వాడు అందించిన అట్ట మీద సంతకం గీకేశాను.

చదవలేదు. నేను టెస్టింగ్ ఇంజినీర్ని. పొద్దున్నించి సాయంత్రం దాకా పక్కవాళ్ళు చేసిన తప్పులు వెతకడమే నా ఉద్యోగం. నా పేరే నాకు కనపడలేదు.

నీళ్ళలో వీడియో తీసిన కెమెరా నా దగ్గరే ఉంది. కార్డు పాడైపోయింది. లేకపోతే ఆ రోజే తేలిపోయేది.

నవంబర్ 12

వెళ్తున్నాను. చేపల కోసం. ఇంకెందుకూ కాదు.

నవంబర్ 17, ఆదివారం

చర్చిలో పాస్టర్ గారు ఈ వారం క్షమించడం గురించే చెప్పారు. ముప్పావు గంట. అమ్మ మధ్యలో రెండుసార్లు నా వైపు చూసింది. నేను ఫ్యాను చూశాను.

ప్రగతి నగర్‌లో ఇంటికి తిరిగొచ్చాక చెప్పాను, ఫిబ్రవరిలో మళ్ళీ వెళ్తున్నానని. అమ్మ నర్సు. డ్యూటీ చీర ఇస్త్రీ చేసుకుంటోంది.

"గ్రూపర్లంటే మా భీమిలిలో బొంతు అనే చేపలేగా? పులుసు పెట్టుకునేదానికి, చూసి రావడానికి విమానం ఎక్కాలా?"

"చూడ్డానికే అమ్మా. ముట్టుకోకూడదు."

"ముట్టుకున్నావనేగా పోయినసారి గెంటేశారు."

"నేను కాదని ఎన్నిసార్లు చెప్పాలి?"

"సంతకం నీదేగా తల్లీ."

అంతే. మళ్ళీ ఇస్త్రీ పెట్టె ఎత్తుకుంది. ఆసుపత్రిలో అమ్మని రెబెక్కా సిస్టర్ అంటారు, వార్డంతా నమ్ముతుంది. రెబెక్కా సిస్టర్ మాత్రం కూతుర్ని నమ్మదు. ఇది కూడా లోహిత్ ఖాతాలోకే.

నవంబర్ 23, శనివారం

తెల్లాపూర్‌లో మా క్లబ్ ప్రాక్టీసు చేసుకునే కొలను. దాదాపు ఏడాది తర్వాత నీళ్ళలోకి దిగాను. మొదటి ఐదు నిమిషాలు తేలిపోతూనే ఉన్నాను. ఊపిరితోనే పైకీ కిందకీ సర్దుకోవాలి. చేతులు ఊపకూడదు, కాళ్ళకి తొడిగిన రబ్బరు రెక్కలు అడుక్కి తగలకూడదు. కొలనులో అయితే టైలు. అక్కడ అయితే పగడం, విరిగితే మళ్ళీ పెరగడానికి నా వయసు సరిపోదు.

బయటికొచ్చేసరికి సక్కుబాయి తువ్వాళ్ళు మడతపెడుతోంది. ఆ కొలను శుభ్రం చేసేది ఆమే.

"ఏంది బిడ్డా, యాడాది సంది కనవడలే? ఏమన్న పరేషాన్ల ఉన్నవా?"

"ఏం లేదక్కా, ఆఫీసు పని."

"గా లోహిత్ సారు రోజు వస్తుండు. పొద్దుగాల ఆరింటికే. నీళ్ల అడుగున పోయి చేతులు కట్టుకొని కూసుంటడు. ఈత లేదు ఏం లేదు, గట్లనే కూసుంటడు. నాకైతే జర భయమైతది. ఏమన్న మొక్కు మొక్కిండా ఏంది?"

నటన. ఎవరి కోసం నటిస్తున్నాడన్నది నాకు అనవసరం.

నవంబర్ 29, శుక్రవారం

ఏడో అంతస్తు మీటింగ్ రూమ్‌లో గుర్తింపు క్లాసు. చెప్పింది లోహిత్. తెర మీద ఎర్రటి చేప, ఒంటినిండా నీలం చుక్కలు.

"ఇలాంటివి రెండు రకాలున్నాయండి. రంగు చూసి పేరు రాసేయకండి. గ్రూపర్ రంగు గంటకొకలా మారుతుంది. తోక చూడండి. గుండ్రంగా ఉంటే కోరల్ హైండ్. కత్తెరతో కోసినట్టు సమంగా ఉంటే కోరల్ ట్రౌట్. తోక కనపడకపోతే గ్రూపర్ అని మాత్రం రాసి వదిలేయండి. తెలియదు అని రాయడం తప్పు కాదు."

ఆ తోకల బొమ్మ నాది. పోయినసారి నా నోట్‌బుక్‌లో పెన్సిల్‌తో గీసింది. స్కాన్ చేసి పెట్టాడు. మూలలో చిన్న అక్షరాలతో "బొమ్మ: స్టెల్లా" అని కూడా రాశాడు. ఎక్కడ రాయకూడదో అక్కడా నా పేరే, ఎక్కడ రాయాలో అక్కడా నా పేరే. ఎంత న్యాయం!

తర్వాత ప్రేమ్ కుమార్ సార్ బాస్లెట్ల గురించి చెప్పారు. వేలంత చేపలు, నారింజ రంగు, పగడం మీద వందల్లో గుంపుగా ఆడుతుంటాయి. గుంపులో అన్నీ ఆడవే, పెత్తనం చేసే ఒకటో రెండో మాత్రం మగవి. వాటి రంగు ఊదా, వీపు మీద పొడుగాటి ముల్లు. ఆ మగది పోతే, ఉన్న ఆడవాటిలో పెద్దది కొన్ని వారాల్లో మగదై కూర్చుంటుంది. నాకు నవ్వొచ్చింది. పోయినసారి సర్వే లీడ్ పదవికి లిస్టులో ఉన్నవి రెండే పేర్లు, నాదీ వాడిదీ. ఒకరిని పక్కకి తప్పించాక రెండో చేపకి రంగు రావడానికి నెల కూడా పట్టలేదు.

"ఈ బాస్లెట్లే మన అలారం నాన్నా," అన్నారు సార్. "మనం సరిగ్గా ఉన్నంతసేపు పైన ఆడుతుంటాయి. ఒక్కసారిగా అన్నీ పగడంలోకి దిగిపోయాయంటే తప్పు మనదే. వెనక్కొచ్చేయండి. నన్ను కూడా అడగొద్దు."

గ్రూపర్‌కైతే ఇంకా కట్టుదిట్టం. రెండు బారల దూరం. చేతులు కట్టుకోవాలి. బొరియ నోటికి అడ్డంగా ఉండకూడదు, దానికి పారిపోయే దారి వదలాలి. లోపలికి టార్చి వేయకూడదు. ముప్ఫై ఊపిర్లు లెక్కపెట్టాలి. ఈలోగా వస్తే చూడాలి, రాకపోతే వెళ్ళిపోవాలి. అది నోరు తెరుచుకుని కదలకుండా ఉంటే ఆకలి అనుకోకూడదు. చిన్న చేపలతో పళ్ళూ మొప్పలూ శుభ్రం చేయించుకుంటోందన్నమాట. అప్పుడు అస్సలు కదపకూడదు.

అందరూ రాసుకున్నారు. లోహిత్ కిటికీలోంచి కేబుల్ బ్రిడ్జి వైపు చూస్తున్నాడు. దొంగకి తేలు కుట్టినట్టు.

డిసెంబర్ 6

నాకేం కావాలో ఇవాళ బయోడైవర్సిటీ జంక్షన్‌లో, బైక్ టాక్సీ వెనక కూర్చుని ఇరవై నిమిషాలు కదలకుండా ఉన్నప్పుడు తెలిసింది. వాడు మళ్ళీ పొడవాలి. నా కెమెరా ముందు పొడవాలి. కుక్క తోక వంకర ఎక్కడికి పోతుంది? పొడుస్తాడు. ఫారం ఈసారి నేను రాస్తాను. చివరి గడిలో వాడి పేరు రాసి అట్ట అందిస్తాను. సంతకం పెడతాడు.

చేపకి ఏమవుతుందని నన్ను నేను అడిగాను. ఏమీ కాదు. అది పెద్ద చేప.

డిసెంబర్ 9, సోమవారం

"లోహిత్, ఈసారి కూడా మనమే జత కడదామా?"

కీబోర్డు మీద వాడి చేతులు ఆగిపోయాయి.

"నాతోనా? నువ్వు... నీకు ఓకేనా?"

"ఏం, నీకు భయమా?"

"అదేం లేదు. థాంక్స్ స్టెల్లా. నిజంగా."

థాంక్స్ అట.

డిసెంబర్ 25

లోహిత్ మా ఇంటికి కేకు పంపాడు. అమ్మ ఒక ముక్క తిని, "పిల్లాడు మంచివాడిలా ఉన్నాడే" అంది. నా ముక్క బాల్కనీలో పావురాలకి వేశాను. తినేశాయి. వాటికేం తెలుసు.

2025 జనవరి 5

కార్డు పాడైపోయింది. పాడైపోయింది.

జనవరి 12, ఆదివారం

సరే. నా డైరీయే కదా, ఎవరు చదువుతారు.

కార్డు పాడవలేదు. నా బైబిలు జిప్ కవరు లోపలి అరలో ఉంది. పదకొండు నెలలుగా అక్కడే ఉంది, ప్రతి ఆదివారం నాతో చర్చికి వస్తోంది. ఇవాళ అమ్మ డ్యూటీకి వెళ్ళాక లాప్‌టాప్‌లో పెట్టి చూశాను.

నలభై ఒక్క సెకన్లు. మొదట బాస్లెట్లు, నారింజ రంగు వాన కురిసినట్టు. తర్వాత బొరియ. లోహిత్ నా వైపు తిరిగి, ఏం చేద్దాం అన్నట్టు చేతులు తిప్పుతాడు. అప్పుడు తెరలోకి ఎడమ పక్కనుంచి ఒక చెయ్యి వస్తుంది. మణికట్టుకి నా ఆకుపచ్చ రబ్బరు బ్యాండు. ఆ చేతిలో స్టీలు పుల్ల. వాడికి అందిస్తుంది.

పుల్ల ఎవరిదో మొదటి రోజు రాయలేదు కదూ. నాది. వేరేవాళ్ళకి చేపని దూరం నుంచి చూపించడానికి కొన్నది.

వాడు పుల్ల పట్టుకుని బొరియ చూసి, మళ్ళీ నన్ను చూస్తాడు. వాడికి ఇష్టం లేదు. అది కళ్ళ ముసుగు అద్దంలోంచి కూడా తెలుస్తోంది. అప్పుడు నా చెయ్యి మళ్ళీ వస్తుంది. బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా. ఓకే. కానియ్.

పొడిచింది వాడే. అబద్ధం రాసింది వాడే. అది మారదు. కానీ తేలు కుట్టింది నన్ను, అందుకే ఏడాదిగా ఈ వీడియో గురించి నోరెత్తలేదు.

మళ్ళీ జిప్ లోపల పెట్టేశాను. ఇది చూపిస్తే వాడు పోతాడు, వాడితో నేనూ పోతాను. నాకు అలా వద్దు. వాడొక్కడే పోవాలి. కొత్త వీడియో కావాలి.

జనవరి 30, గురువారం

ఎర వేశాను. సాయంత్రం పార్కింగ్‌లో వాడి కారు దగ్గర.

"పరిశోధనా కేంద్రం వాళ్ళు అడిగారట. పోయినేడు ఆ గ్రూపర్ పెదవి చీలింది కదా, మానిందో లేదో ఫోటో కావాలట. దగ్గరగా."

అంతా నా కల్పన. ఎవరూ ఏమీ అడగలేదు.

"దగ్గరగా అంటే?" అన్నాడు.

"అది బయటికొస్తేనే కదా పెదవి కనపడేది."

కారు తాళాలు వేలి మీద తిప్పాడు. "అది బతికుందంటావా స్టెల్లా?" అని అడిగాడు. ఆ మాట నేను ఏడాదిలో ఒక్కసారి కూడా అనుకోలేదని అప్పుడు తెలిసింది. ఆ తెలిసిన సంగతి మీద కూడా నాకు వాడి మీదే కోపం వచ్చింది.

ఫిబ్రవరి 12, బుధవారం, హేవ్‌లాక్ దీవి, అండమాన్

చేరాం. సామాను సర్దుతూ చూశాను, పుల్ల సంచిలో ఉంది. వాడికి అందించడానికి. నేను వాడను.

ఫిబ్రవరి 13

మొదటి రోజు లెక్క మామూలుగా సాగింది. నెమలి గ్రూపర్లు ఆరు, ముదురు ఒంటి మీద నీలం చుక్కలు. కోరల్ హైండ్ నాలుగు, తోక గుండ్రం. తోక కనపడనిది ఒకటి, గ్రూపర్ అని మాత్రం రాశాం. లోహిత్ ఒక్కసారి కూడా చేతులు విప్పలేదు. బడిపిల్లాడిలా కట్టుకునే ఈదాడు. అలా ఈదడం ఎంత కష్టమో నాకు తెలుసు.

మంచివాడుగా మారే హక్కు వాడికి ఎవరిచ్చారు? నన్ను అడిగాడా?

ఫిబ్రవరి 14, శుక్రవారం

మధ్యాహ్నమే రాసేస్తున్నాను. ఆలస్యం చేస్తే అందంగా మార్చి రాసుకుంటానని నా గురించి నాకు తెలుసు.

తొమ్మిదిన్నరకి దిగాం. అదే రాయి, అదే బొరియ. పైన బాస్లెట్లు, పోయినేడుకన్నా ఎక్కువ. ఊదా రంగు మగది ఒకటి గుంపు చుట్టూ తిరుగుతోంది. కెమెరా ఆన్ చేసి ఛాతీకి తగిలించుకున్నాను, ఎర్ర లైటు వెలుగుతోంది.

అది ఉంది. బతికే ఉంది. బొరియ నోటి దగ్గరే నోరు తెరుచుకుని, కదలకుండా. చిన్న నీలం చేప ఒకటి దాని మొప్పలోకి దూరి బయటికొస్తోంది. పై పెదవి మీద తెల్లటి గీత, మా అమ్మ కుట్లు వేస్తే మానాక మిగిలే గీతలాంటిది. నీళ్ళలో ఏడిస్తే ముసుగులో నీళ్ళు నిండుతాయని అదుపు చేసుకున్నాను. ఆ ఒక్క నిమిషంతో పైకి వచ్చేసి ఉంటే సరిపోయేది. పెదవి కనపడింది, మానింది. వచ్చిన పని, నేను అబద్ధం చెప్పిన పనే అయినా, అయిపోయింది.

లోహిత్ రెండు బారల దూరంలో ఆగాడు. చేతులు కట్టుకున్నాడు. ఊపిర్లు లెక్కపెడుతున్నాడు, బుడగలు సమంగా పైకి పోతున్నాయి. ముసుగులో వాడి కళ్ళు తడిగా ఉన్నాయనిపించింది. కాకపోవచ్చు.

దగ్గరికి వెళ్ళమని సైగ చేశాను. తల అడ్డంగా ఊపాడు. మళ్ళీ చేశాను. అరచెయ్యి చూపించాడు, ఆగు అని. సంచిలోంచి పుల్ల తీసి అందించాను. వాడు దాన్ని చూసి, రెండు చేతులూ చంకల్లో పెట్టేసుకున్నాడు. చిన్నపిల్లలు మందు వద్దన్నప్పుడు చేస్తారే, అలాగే.

నేను ఏడాదిగా కట్టుకున్నదంతా ఆ చంకల్లో ఇరుక్కుపోయింది.

ఎలా పొడవాలో చూపిస్తే చాలు, మిగతాది వాడే చేస్తాడనుకున్నాను. అలా అనుకున్నానని ఇప్పుడు రాస్తున్నాను, అప్పుడు ఏమనుకున్నానో నాకు నిజంగా తెలియదు. ముందుకి జరిగాను. తల మీద నారింజ రంగు ఒక్కసారిగా మాయమైంది. బాస్లెట్లు అన్నీ, వందల్లో, ఒకే క్షణంలో పగడంలోకి దిగిపోయాయి. చూశాను. చూడలేదని రాయను. వెనక్కి రావాలని తెలుసు. ఎవర్నీ అడగక్కర్లేదని కూడా తెలుసు. బొరియ నోటికి అడ్డంగా నేనే ఉన్నాను.

పుల్ల పెట్టాను. అర అడుగు.

అది లోపల ఒక్క మెలిక తిరిగింది. దారి లేక రాతికి కొట్టుకుంది. ఆ శబ్దం నాకు నీళ్ళలోంచి ఛాతీకి తగిలింది. తర్వాత నా భుజాన్ని రాసుకుంటూ దూసుకుపోయింది. ఇసుక లేచింది. ఇసుకలో దాని పొలుసులు, పదో ఇరవయ్యో, మెరుస్తూ నెమ్మదిగా కిందకి దిగుతున్నాయి. లోహిత్ నా సిలిండర్ పట్టీ పట్టుకుని వెనక్కి లాగాడు. ఎర్ర లైటు వెలుగుతూనే ఉంది.

ఏడాది పాటు నేను చెయ్యలేదని అరిచిన పనిని, నా చేత్తో, నా కెమెరా ముందు చేశాను.

పడవలో ఈసారి నాకు వాంతి రాలేదు. లోహిత్ అట్ట తెచ్చుకుని నా పక్కన కూర్చున్నాడు. ప్రేమ్ కుమార్ సార్ అటు చివర సిలిండర్లు కట్టిస్తున్నారు. లోహిత్ గొంతు తగ్గించి మాట్లాడాడు.

"నేనేం చూడలేదు స్టెల్లా. ఎవరూ కాదు అని రాసేస్తాను. సంతకం పెట్టెయ్."

"ఎందుకు?"

"పోయినేడు నీకు చేసిందానికి. లీడ్ లిస్టులో మనిద్దరి పేర్లే ఉన్నాయి. సార్ ఎవరని అడిగేసరికి నా చెయ్యి నీ పేరు రాసేసింది. ఏడాది నుంచి నిద్రలేదు నాకు. నీకు చెప్పాలని చాలాసార్లు అనుకున్నాను, ధైర్యం చాల్లేదు. ఇప్పుడు... చెల్లుకు చెల్లు అనుకుందాం."

చెల్లుకు చెల్లు! నా కోపం నెత్తికెక్కింది. ఇప్పటిదాకా వచ్చిన కోపాలన్నీ ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. పొద్దున్నే కొలను అడుగున చేతులు కట్టుకుని కూర్చుని, కేకులు పంపి, చివరికి నా తప్పు మీద కాలు పెట్టి వీడు ఒడ్డెక్కుతాడు. ఒక్క "ఎవరూ కాదు"తో ఏడాది అబద్ధం కడిగేసుకుంటాడు. ఇద్దరం తేలిగ్గా ఉంటాం. దెబ్బలు మాత్రం ఆ చేపకి. అదీ రెండుసార్లు.

వీణ్ణి ఒడ్డెక్కనివ్వను. ఎక్కనివ్వకూడదంటే నా నోరు నేనే తెరవాలి, వేరే దారి లేదు. అది అర్థమైన క్షణంలో భయం వేయలేదు. కసిగా ఉంది. ఇలాంటి కసి ఒకటుందని నాకు ఇంతకుముందు తెలియదు.

అట్ట లాక్కున్నాను. ఫారం మొదటి గడి నుంచి చదివాను. తేదీ, లోతు, నీటి వేడి, చేపల పేర్లు, అన్నీ. అప్పుడు చివరి గడిలో రాశాను. "స్టెల్లా. స్టీలు పుల్లతో, కావాలనే. వీడియో ఉంది." దాని కింద, "పోయిన ఫిబ్రవరి, ఇదే చేప: లోహిత్. పుల్ల అందించి ఓకే చెప్పింది స్టెల్లా. వీడియో ఉంది." గడి సరిపోక అంచు వెంట పైకి రాసుకుంటూ పోయాను.

అట్ట వాడి ఒళ్ళో పెట్టాను. పెన్ను చేతికిచ్చాను.

"సంతకం పెట్టు," అన్నాను. "చదివి పెట్టు."

చదివాడు. తల ఎత్తి సార్ వైపు చూశాడు, నా వైపు చూశాడు. నేను వాంతి చేసుకోవడం లేదు, ఎటూ చూడడం లేదు, వాణ్ణే చూస్తున్నాను. సంతకం పెట్టాడు.

ఫిబ్రవరి 15

నిన్నటి కార్డూ, బైబిలు కవరులో నాతోపాటు వచ్చిన పాత కార్డూ, రెండూ సార్‌కి ఇచ్చేశాను. ఆయన చూస్తున్నంతసేపూ మేమిద్దరం బయట మెట్ల మీద కూర్చున్నాం. బయటికొచ్చి, పుల్ల ఇవ్వమని చెయ్యి చాపారు. "ఇద్దరూ రెండేళ్ళు నీళ్ళలోకి దిగొద్దు" అన్నారు. తిట్టలేదు. తిట్టుంటే బాగుండేది.

ఫిబ్రవరి 23, ఆదివారం

అమ్మకి చెప్పాను, చర్చి నుంచి వస్తూ ఆటోలో. అంతా విని, "అయితే పోయినేడు పొడిచింది నువ్వు కాదన్నమాట" అంది.

"సగం నేనే అమ్మా. ఈసారి మొత్తం నేనే."

నిజాంపేట్ దాటాక అమ్మ నా చెయ్యి తీసి తన ఒళ్ళో పెట్టుకుంది. క్షమించమని ఎవరూ చెప్పలేదు. నేను లోహిత్‌ని క్షమించలేదు. వాడు క్యాంటీన్‌లో ఎదురుపడితే ఇద్దరం ట్రేలు చూసుకుంటున్నాం. వాడి మీద మిగిలిన కోపం నా సొంతం, దాన్ని ఎవరికీ ఇవ్వను. ఇంకో కోపం కూడా ఉంది. దానికి ఎటు తిరగాలో తెలియక నా దగ్గరే కూర్చుంది.

మార్చి 3, సోమవారం

అండమాన్ నుంచి వచ్చేముందు సార్‌ని ఒక్కటే అడిగాను. మిగతావాళ్ళు వారం ఉంటారు కదా, చివరి రోజు ఆ బొరియ దగ్గరికి ఒకసారి వెళ్ళి చూసి చెప్పమని. ఇవాళ మెయిల్‌లో ఫారం పంపారు. మాట ఏమీ లేదు, ఫారం ఒక్కటే. ప్రింటు తీసుకుని, అలవాటైంది కదా, మొదటి గడి నుంచి చదివాను.

లోతు ముప్ఫై అడుగులు. నీళ్ళు తేటగా ఉన్నాయి. బాస్లెట్లు సుమారు మూడు వందలు. పెదవి మీద గీత ఉన్న గ్రూపర్: బొరియలో లేదు, చుట్టుపక్కల కూడా లేదు. చేపను కదిపినవారు: ఎవరూ కాదు.

పెన్ను తీసి, నా కాపీలో ఆ చివరి మాట కొట్టేసి, నా పేరు రాసుకున్నాను.